ముందు నడిచినవాడు

రెక్కలు లేని మానవుడు రెక్కలున్న పక్షిని చూసి ఆశపడని కాలం లేదు. మన పూర్వకవులు పుష్పక విమానాన్ని వర్ణించారు. ఎందరు ఎక్కినా మరొకరికి చోటుండే విమానమని పెద్దలు దానిని గురించి చెబుతారు. కవి ఊహించిన విమానానికి ఇంధనం అక్కరలేదు, టికెట్టు వెల లేదు, దాని గోడ పగులుతుందన్న భయమూ లేదు. మనిషి చేతితో కట్టిన విమానానికి ఈ చింతలన్నీ ఉన్నాయి. అది ఎగరాలి. ఎక్కినవారిని క్షేమంగా దింపాలి. దింపిన తరువాత దానిని నడిపిన సంస్థకు నాలుగు డబ్బులు మిగలాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఎంత గొప్ప ఆవిష్కరణ అయినా చరిత్ర పుటలలో మిగులుతుందే కాని ఆకాశంలో నిలవదు. ఈ సత్యాన్ని అపారమైన మూల్యం చెల్లించి తెలుసుకున్నవాడు బ్రిటిష్ విమాన నిర్మాత సర్ జెఫ్రీ డి హావిలాండ్. ప్రపంచంలో ప్రయాణికులను మోసిన మొట్టమొదటి జెట్ విమానం కామెట్ ఆయన సంస్థ నిర్మించినదే.

డి హావిలాండ్ 1882 జూలై 27న ఇంగ్లండులోని హై వికోంబ్ పట్టణ సమీపంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ క్రైస్తవ మతగురువు. తల్లి పేరు ఆలిస్. తండ్రి వృత్తి దైవసేవ అయినా కుమారుని మనసు మాత్రం చిన్ననాటి నుండి యంత్రాల చుట్టూనే తిరిగింది. పాఠశాల చదువు ముగిసిన తరువాత ఆయన లండనులోని క్రిస్టల్ పాలెస్ ఇంజనీరింగు పాఠశాలలో చేరి 1900 నుండి 1903 వరకు శిక్షణ పొందాడు. తరువాత కొంతకాలం మోటారు పరిశ్రమలో ఉద్యోగం చేశాడు. అమెరికాలో రైట్ సోదరులు 1903లో విమానాన్ని ఎగరవేసిన వార్త, 1908లో విల్బర్ రైట్ ఫ్రాన్సులో చేసిన ప్రదర్శనల వార్త ఎందరో యువకులను కదిలించినట్లే ఆయననూ కదిలించాయి. స్థిరమైన ఉద్యోగాన్ని వదిలి విమానం కడతానని బయలుదేరాడు.

చేతిలో ధనం లేదు. మాతామహుడు ఇచ్చిన వెయ్యి పౌండ్లే పెట్టుబడి. ఫ్రాంక్ హెర్ల్ అనే మిత్రుడు తోడు నిలిచాడు. విమానాల గురించి చదువుకోవడానికి ఆనాడు పుస్తకాలు కూడా సరిగా లేవు. ఇంజనును తానే రూపొందించుకున్నాడు. రెక్కలపై కప్పవలసిన గుడ్డను ఆయన భార్య లూయీ కుట్టింది. 1909 డిసెంబరులో సెవెన్ బారోస్ అనే మైదానంలో ఆ విమానం నేల విడిచి కొద్ది దూరం పోయి, రెక్క విరిగి కూలిపోయింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. ఇంజను మిగిలింది. మరొకరైతే అక్కడితో విరమించి ఉండేవారు. ఆయన మాత్రం విరిగిన ముక్కలను పరిశీలించి ఏది బలహీనమైనదో గుర్తించి, రెండవ విమానాన్ని మరింత దృఢంగా నిర్మించాడు. 1910లో అది అదే మైదానంలో చక్కగా ఎగిరింది. బ్రిటిష్ ప్రభుత్వం దానిని 400 పౌండ్లకు కొని, ఫార్న్‌బరో పట్టణంలోని తన బెలూన్ కర్మాగారంలో ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. విరిగినదానిని దాచకుండా, అది ఎందుకు విరిగిందో అడగడం ఆయన నేర్చుకున్న మొదటి పాఠం. ఈ పాఠమూ, ఫార్న్‌బరో అనే ఆ ఊరూ నలభై ఏళ్ళ తరువాత మరల ఆయన జీవితంలోకి వచ్చాయి.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎయిర్కో అనే సంస్థలో ఆయన రూపొందించిన విమానాలు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. యుద్ధం ముగియగానే ఆ సంస్థ కష్టాలలో పడింది. ఆయన 1920లో లండను శివారులోని స్టాగ్ లేన్‌లో సొంత సంస్థను స్థాపించాడు. యుద్ధం లేనప్పుడు విమానం ఎవరు కొంటారు? ఈ ప్రశ్నకు సమాధానంగా 1925లో మాత్ అనే చిన్న విమానం వెలువడింది. సీతాకోకచిలుకల వంటి రెక్కల పురుగులను గురించి అధ్యయనం చేయడం ఆయనకు ఎంతో ఇష్టం. దీపం చుట్టూ తిరిగే పురుగును ఆంగ్లంలో మాత్ అంటారు. ఆ పురుగు లాగే ఈ విమానం కూడా రెక్కలు ముడుచుకునేది. అందువల్ల దానిని నిలపడానికి పెద్ద షెడ్డు అవసరం లేదు. దానికి కావలసిన ఇంజను కూడా యుక్తిగా సమకూరింది. యుద్ధం తరువాత మిగిలిపోయిన ఎనిమిది సిలిండర్ల ఇంజనులు చవకగా దొరికేవి. ఫ్రాంక్ హాల్‌ఫోర్డ్ అనే ఇంజనీరు వాటి భాగాలతో నాలుగు సిలిండర్ల తేలికైన ఇంజనును రూపొందించాడు. ధర తగ్గింది, బరువు తగ్గింది, నడపడం తేలికైంది. విమానం సైనికులకే కాదు, సామాన్య క్లబ్బులకు కూడా అందుబాటులోకి వచ్చింది. ఇంజనీరు చేసిన మార్పు కొనుగోలుదారుని అవసరంతో కలిసినప్పుడే వ్యాపారం వర్ధిల్లుతుందని మాత్ నిరూపించింది.

మాత్ కుటుంబానికి చెందిన విమానాలు మన దేశ చరిత్రలోనూ చోటు సంపాదించుకున్నాయి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా తెచ్చిన విమానం ఈ సంస్థ తయారు చేసిన పస్ మాత్. అక్కడి నుండి ఆ టపా నెవిల్ విన్సెంట్ నడపగా బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. భారతదేశంలో పౌర విమానయానానికి నాంది పలికినది ఆ ప్రయాణమే. 1931లో వచ్చిన టైగర్ మాత్ మీద మన వైమానిక దళంలోని ఎందరో తొలి పాఠాలు నేర్చుకున్నారు.

రెండవ ప్రపంచయుద్ధం రాగా, లోహానికి కరువు ఏర్పడుతుందని గ్రహించి డి హావిలాండ్ సంస్థ కలపతో మస్కిటో అనే యుద్ధ విమానాన్ని నిర్మించింది. 1940 నవంబరులో తొలిసారి ఎగిరిన ఆ విమానం అత్యంత వేగవంతమైనదిగా పేరు పొందింది. 1944లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చి గౌరవించింది. కాని కీర్తి వచ్చిన ఆ రోజులలోనే ఇంట చీకటి ముసిరింది. ఆయనకు ముగ్గురు కుమారులు. చిన్న కుమారుడు జాన్ 1943లో మస్కిటోను నడుపుతుండగా మరొక విమానం ఢీకొని మరణించాడు. తండ్రి పేరే పెట్టుకున్న పెద్ద కుమారుడు జెఫ్రీ ఆ సంస్థలో ప్రధాన పరీక్షా పైలట్. మస్కిటోను మొదటిసారి నింగికి తీసుకుపోయినవాడు అతడే. వెనుకకు వాలిన రెక్కలు గల జెట్ విమానం ఎంత వేగాన్ని తట్టుకోగలదో పరీక్షించడానికి 1946 సెప్టెంబరు 27న అతడు బయలుదేరాడు. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట ఆ ప్రయోగ విమానం గాలిలోనే ముక్కలైంది.

రామాయణంలో సంపాతి కథ మనందరికీ తెలిసినదే. తమ్ముడు జటాయువుతో కలిసి సూర్యమండలం దాకా ఎగిరి, తమ్మునికి తన రెక్కలు అడ్డుపెట్టి, ఆ రెక్కలు కాలి నేల కూలినవాడు సంపాతి. తమ్ముణ్ణి కాపాడుకునే అవకాశం సంపాతికి దక్కింది. డి హావిలాండ్‌కు ఆ అవకాశం కూడా దక్కలేదు. తాను కట్టిన రెక్కల మీదనే ఇద్దరు కుమారులు వెళ్ళిపోయారు. ఒకనాడు తొలి విమానపు రెక్కల గుడ్డను కుట్టిన లూయీ ఈ దుఃఖం నుండి తేరుకోలేక 1949లో కన్నుమూసింది. అయినా ఆయన పని ఆపలేదు. పెద్ద కుమారుడు ప్రాణం ఇచ్చిన ఆ ప్రయోగం ఒక కొత్త ప్రయాణికుల విమానం కోసం సాగుతున్న పరిశోధనలో భాగం. ఆ విమానమే కామెట్.

యుద్ధం ముగిసేనాటికి పెద్ద ప్రయాణికుల విమానాలన్నీ అమెరికావే. ప్రొపెల్లర్లతో నడిచే విమానాల తయారీలో అమెరికాను దాటడం బ్రిటన్‌కు సాధ్యం కాదు. దాటాలంటే ఒకే మార్గం ఉంది. వారు ఇంకా తొక్కని దారిలో వారికంటే ముందుగా నడవాలి. జెట్ ఇంజనుతో ప్రయాణికుల విమానం కట్టాలన్న నిర్ణయం ఇలా పుట్టింది. రోనాల్డ్ బిషప్ ప్రధాన రూపకర్తగా, హాల్‌ఫోర్డ్ రూపొందించిన ఘోస్ట్ ఇంజనులతో పని మొదలైంది.

ఒక కొత్తదనం మరొక కొత్తదనాన్ని ఎలా కోరుతుందో ఇక్కడ గమనించాలి. జెట్ ఇంజను తక్కువ ఎత్తులో విపరీతంగా ఇంధనం తాగుతుంది. పలుచని గాలి ఉన్న పైఎత్తులలో పోతేనే దానికి పొదుపు. కాబట్టి కామెట్ 35,000 నుండి 40,000 అడుగుల ఎత్తులో ఎగరాలి. ఆ ఎత్తులో మనిషి ఊపిరి పీల్చలేడు. కాబట్టి లోపల గాలిని ఒత్తిడితో నింపాలి. అంతవరకు ఏ ప్రయాణికుల విమానమూ భరించనంత ఒత్తిడిని విమానపు గోడ భరించాలి. ఆనాటి జెట్ ఇంజను శక్తి పరిమితం కనుక ఆ గోడ బరువుగా ఉండరాదు. అందువల్ల మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం మిశ్రమలోహపు రేకులను వాడారు. నాలుగు ఇంజనులను రెక్కల మొదళ్ళలో ఇమిడ్చి గాలికి అడ్డు లేకుండా చేశారు. ప్రతి నిర్ణయానికీ ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ కలిసి ఒక పలుచని లోహపు గొట్టాన్ని, మానవజాతికి అనుభవం లేని ఎత్తులోకి పంపాయి.

1949 జూలై 27న కామెట్ తొలిసారి నింగికెగసింది. అది డి హావిలాండ్ 67వ జన్మదినం. విమానాన్ని నడిపిన జాన్ కన్నింగ్‌హామ్ జన్మదినం కూడా అదే కావడం విశేషం. పెద్ద కుమారుని మరణానంతరం ప్రధాన పరీక్షా పైలట్ స్థానంలోకి వచ్చినవాడు కన్నింగ్‌హామ్. 1952 మే 2న బి.ఓ.ఏ.సి. అనే బ్రిటిష్ విమానయాన సంస్థ లండను నుండి జోహాన్స్‌బర్గ్‌కు కామెట్‌ను నడిపింది. జెట్ విమానంలో టికెట్టు కొన్న ప్రయాణికులు పయనించడం లోకంలో అదే మొదలు. దారిలో ఐదు చోట్ల ఆగినా 24 గంటల లోపే ప్రయాణం ముగిసింది. గంటకు 700 కిలోమీటర్లకు మించిన వేగం ఒక ఎత్తు, లోపలి నిశ్చలత మరొక ఎత్తు. ప్రొపెల్లర్ విమానాలలో గంటల తరబడి హోరు, అదురు తప్పవు. ఇందులో ఆ అదురు లేదు. అది మబ్బులకూ గాలివానలకూ పైన పయనించేది.

కామెట్ అంటే తోకచుక్క. అది నిజంగానే తోకచుక్కలా వెలిగింది. 36 మందికి మాత్రమే చోటున్నా, ఒకసారి ఇంధనం నింపితే దాదాపు 2,400 కిలోమీటర్లే పోగలిగినా, ప్రయాణికులు దానినే కోరుకున్నారు. ఫ్రాన్సు, కెనడా సంస్థలు కొన్నాయి. 1952 అక్టోబరులో అమెరికాకు చెందిన పాన్ అమెరికన్ సంస్థ రాబోయే పెద్ద కామెట్లు మూడింటికి ఆర్డరు ఇచ్చింది. అమెరికా బ్రిటిష్ జెట్‌ను కోరడంతో డి హావిలాండ్ పందెం గెలిచినట్లే కనిపించింది. కాని తోకచుక్క పొడిస్తే అరిష్టమని మన పల్లెలలో అనుకునేవారు. శాస్త్రానికి అటువంటి నమ్మకాలతో పనిలేదు. అరిష్టం ఆకాశంలో లేదు, ఎవరి కంటికీ కనబడకుండా ఆ లోహపు గోడలో పొంచి ఉంది.

మొదట నేల విడిచే సమయంలో ప్రమాదాలు జరిగాయి. రెక్క ముందంచు ఆకృతిని సవరించి ఆ లోపాన్ని దిద్దారు. 1953 మే 2న, అనగా తొలి ప్రయాణానికి సరిగ్గా ఏడాది నిండిన రోజున, కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయం నుండి బయలుదేరిన కామెట్ కొద్ది నిమిషాలకే గాలివానలో విరిగి కూలింది. అందులోని 43 మందీ మరణించారు. తీవ్రమైన గాలివాన తాకిడిలో విమాన నిర్మాణం విరిగిందని అక్కడి విచారణ భావించింది. 1954 జనవరి 10న రోము నుండి లండను వెళ్తున్న కామెట్ ఇటలీకి చెందిన ఎల్బా దీవి సమీపంలో సముద్రంలో పడింది. 35 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు గాలివాన లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది. రెండేళ్ళ క్రితం జోహాన్స్‌బర్గ్‌కు తొలి జెట్ ప్రయాణికులను మోసుకుపోయిన విమానం అదే. కామెట్ల రాకపోకలను ఆపి, అనుమానం కలిగిన భాగాలనన్నింటినీ సవరించారు. మార్చి 23న మరల అనుమతించారు. పదహారు రోజులు గడిచాయో లేదో, ఏప్రిల్ 8న నేపుల్స్ సమీపంలో మరొక కామెట్ 21 మందితో సముద్రంలో మునిగింది. ప్రభుత్వం కామెట్ల అనుమతి పత్రాన్ని రద్దు చేసింది.

కారణం ఏమిటి? ఈ ప్రశ్న ఫార్న్‌బరోకు చేరింది. యువకుడైన డి హావిలాండ్‌కు తొలి ఉద్యోగం ఇచ్చిన బెలూన్ కర్మాగారమే కాలక్రమాన రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే పరిశోధన సంస్థగా ఎదిగింది. దాని సంచాలకుడు ఆర్నాల్డ్ హాల్. నౌకాదళం ఎల్బా సమీపంలో సముద్రపు అడుగు నుండి శకలాలను వెలికితీసి పంపగా, వాటిని ఒక చట్రం మీద యథాస్థానాలలో అమర్చారు. మరొకవైపు వాడుకలో ఉన్న ఒక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో ఉంచారు. విమానం లోపల కూడా నీరు నింపి, ఒత్తిడిని పెంచుతూ, తగ్గిస్తూ పోయారు. ఒకసారి పెంచి తగ్గిస్తే ఒక ప్రయాణంతో సమానం. గాలితో ఈ పరీక్ష చేస్తే గోడ పగిలినప్పుడు బాంబు పేలినట్లు అంతా తునాతునకలై, పగులు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. నీరు గాలిలా వ్యాకోచించదు కనుక పగిలినచోటే ఆగుతుంది. రాత్రింబవళ్ళు సాగిన ఈ పరీక్షలో, 1954 జూన్ 24న గోడ చీలింది. అప్పటికి ఆ విమానం చేసిన నిజమైన ప్రయాణాలు, తొట్టిలో చేసిన అనుకరణలు కలిపి 3,057. చీలిక గోడకు పెట్టిన కిటికీ వంటి ద్వారం మూలలో మొదలైంది. సముద్రం నుండి తెచ్చిన శకలాలలో కూడా పైకప్పున ఉన్న కిటికీ మూలలో అదే ఆనవాలు దొరికింది.

ఒక ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదేపదే వంచితే చివరకు విరుగుతుంది. దీనినే లోహపు అలసట అంటారు. ప్రతి ప్రయాణంలోనూ కామెట్ గోడ పైకి పోయినప్పుడు ఉబ్బి, దిగినప్పుడు సడలింది. నాలుగు పలకలుగా కోసిన కిటికీల మూలలలో, రివెట్లు కొట్టిన రంధ్రాల అంచులలో ఒత్తిడి గుమిగూడింది. అక్కడ పుట్టిన సన్నని పగులు ఎల్బా విమానంలో 1,290 ప్రయాణాలకు, నేపుల్స్ విమానంలో 900 ప్రయాణాలకు గోడను చీల్చింది.

డి హావిలాండ్ సంస్థ పరీక్షలు చేయలేదా? చేసింది. విమానపు గోడ భాగాన్ని 16,000 సార్లకు పైగా పరీక్షించి, భయం లేదని భావించింది. అయితే ఆ భాగాన్ని అంతకు ముందే రెట్టింపు ఒత్తిడితో ఒక పరీక్షకు గురిచేశారు. ఆ అధిక ఒత్తిడికి రంధ్రాల అంచులలో లోహం కొద్దిగా సాగి గట్టిపడి, తరువాతి అలసటను ఎక్కువకాలం తట్టుకుంది. ప్రయాణికులను మోసిన విమానాలకు ఆ రక్షణ లేదు. బలాన్ని నిరూపించడానికి చేసిన పరీక్షే బలహీనతను దాచిపెట్టింది. ఇది నిర్లక్ష్యం కాదు, ఆనాటి జ్ఞానానికి ఉన్న హద్దు. అయినా ఆ హద్దు తెలియకపోవడానికి మూల్యం చెల్లించినవారు ప్రయాణికులు.

ఆ సమయంలో డి హావిలాండ్ వయస్సు 72 సంవత్సరాలు. చేతిలోని ఆర్డర్లు పోయాయి. ఆయన పేరు మీద నిలిచిన సంస్థ భవిష్యత్తు అయోమయంలో పడింది. నేరాన్ని వాతావరణం మీదనో, చనిపోయిన పైలట్ల మీదనో నెట్టి, అసలు విషయాన్ని కప్పిపుచ్చాలనుకునే వారికి అది అనువైన సమయమే. అలా జరగలేదు. 1954 అక్టోబరు, నవంబరు నెలలలో లార్డ్ కోహెన్ అధ్యక్షతన విచారణ బహిరంగంగా సాగింది. సంస్థ ఇంజనీర్లు తమ లెక్కలనూ పరీక్షల ఫలితాలనూ సభ ముందుంచారు. ఆ విచారణ ఫలితాలు లోకంలోని విమాన నిర్మాతలందరికీ అందుబాటులోకి వచ్చాయి. సెవెన్ బారోస్ మైదానంలో విరిగిన రెక్క ముందు యువకుడైన డి హావిలాండ్ అడిగిన ప్రశ్ననే ఇప్పుడు లోకమంతా చూస్తుండగా ఆయన సంస్థ ఎదుర్కొంది. కాని ఈసారి జవాబు ఆయన ఒక్కనికే కాక, పోటీదారులకు కూడా ఉపయోగపడింది.

నీటితొట్టిలో కామెట్ గోడ చీలిన మూడు వారాలకు, 1954 జూలై 15న, అమెరికాలో బోయింగ్ సంస్థ సొంత ధనంతో కట్టిన జెట్ విమానం తొలిసారి ఎగిరింది. దాని నుండే బోయింగ్ 707 పుట్టింది. దాని గోడ కామెట్ గోడకంటే మందం. ఎక్కడైనా పగులు పుడితే అది పాకకుండా ఆపడానికి లోపల లోహపు పట్టీలు అమర్చారు. ఇంజనులను రెక్కలలో దాచక, రెక్కల క్రింద విడివిడిగా వేలాడదీశారు. అందువల్ల వాటిని విప్పి బాగుచేయడం తేలిక, ఒకదానికి నిప్పంటుకుంటే రెక్కకు ప్రమాదం తక్కువ, మునుముందు మరింత పెద్ద ఇంజనులు వచ్చినా తగిలించుకోవచ్చు. రెక్కలను కామెట్ కన్నా ఎక్కువగా, 35 డిగ్రీల కోణంలో వెనుకకు వాల్చి వేగాన్ని పెంచారు. అన్నిటినీ మించి అది పెద్దది.

డి హావిలాండ్ సంస్థ కూడా ఊరుకోలేదు. గుండ్రని అంచుల కిటికీలు, మందమైన గోడ, శక్తిమంతమైన రోల్స్ రాయిస్ ఇంజనులతో కామెట్-4ను నిర్మించింది. 1955లోనే బి.ఓ.ఏ.సి. 19 కామెట్-4 విమానాలకు ఆర్డరు ఇచ్చి సంస్థను నిలబెట్టింది. 1958 అక్టోబరు 4న లండను, న్యూయార్కు నగరాల మధ్య కామెట్-4 ప్రయాణికులను మోసి, అట్లాంటిక్ మీద జెట్ ప్రయాణానికి నాంది పలికింది. మూడు వారాల తరువాత, అక్టోబరు 26న, పాన్ అమెరికన్ సంస్థ న్యూయార్కు నుండి పారిస్‌కు బోయింగ్ 707ను నడిపింది. ముందుగా దాటిన ఘనత కామెట్‌కే దక్కింది. కాని వ్యాపారం బోయింగ్‌కు దక్కింది.

దీనికి కారణం సామాన్యమైన లెక్క. కామెట్-4లో సుమారు 80 మంది పడితే, బోయింగ్ 707లో ఇంచుమించు రెండింతల మంది పడతారు. రెండు విమానాలకూ పైలట్లు కావాలి, విమానాశ్రయ రుసుములు కావాలి, మరమ్మతులు కావాలి. ఆ ఖర్చును ఎక్కువమందికి పంచినప్పుడు ఒక్కొక్క సీటుకు పడే వ్యయం తగ్గుతుంది. టికెట్టు వెల తగ్గించినా సంస్థకు లాభం మిగులుతుంది. కామెట్‌ను ఆదుకున్న బి.ఓ.ఏ.సి. సైతం 1956లో 15 బోయింగ్ 707 విమానాలకు ఆర్డరు ఇచ్చిందంటే ఆ లెక్క ఎంత బలమైనదో తెలుస్తుంది. మన ఎయిర్ ఇండియా కూడా 1960లో జెట్ యుగంలో అడుగుపెట్టినది బోయింగ్ 707 విమానాలతోనే. అన్ని రకాల కామెట్లూ కలిపి తయారైనవి 114 మాత్రమే. బోయింగ్ విమానాలు వందల సంఖ్యలో అమ్ముడుపోయాయి. నాలుగేళ్ళ విరామంలో కామెట్ తన ఆధిక్యాన్ని పోగొట్టుకుంది. ఆ నాలుగేళ్ళలో కామెట్ నేర్పిన పాఠాలతో ఇతరులు ముందుకు పోయారు.

అంతమాత్రాన డి హావిలాండ్ ఓడిపోయాడని చెప్పలేము. కామెట్ లేకపోతే జెట్ విమానంలో ప్రయాణించడానికి జనం ఇష్టపడతారని ఎవరికీ తెలిసేది కాదు. కామెట్ కూలకపోతే లోహపు అలసట ఎంత ప్రమాదకరమో ఆనాడే తెలిసి ఉండేది కాదు. నేడు ఏ ప్రయాణికుల విమానమెక్కినా కిటికీ మూలలు గుండ్రంగా కనబడతాయి. కొత్త విమానం ప్రయాణికులను ఎక్కించుకొనే ముందు దాని నిర్మాణాన్ని వేలసార్లు అలసట పరీక్షకు గురిచేయడం నియమమైంది. ఆ గుండ్రని మూల వెనుక కలకత్తా, ఎల్బా, నేపుల్స్‌లలో ప్రాణాలు కోల్పోయినవారున్నారు. బోయింగ్ సాధించిన వ్యాపార విజయంలో కామెట్ అనుభవానికీ భాగం ఉంది. నూతన ఆవిష్కరణ వేరు, అది విపణిలో నిలవడం వేరు. మొదటిదానికి సాహసం చాలు. రెండవదానికి సాహసంతో పాటు ఓర్పు, పరీక్ష, ప్రయాణికుని నమ్మకం, ఖర్చు లెక్క అన్నీ కావాలి.

డి హావిలాండ్ 1955లో క్రియాశీల బాధ్యతల నుండి తప్పుకున్నాడు. 1960లో ఆయన సంస్థ హాకర్ సిడ్లీ సంస్థలో విలీనమైంది. 1962లో ఆయనకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే ఉన్నత పురస్కారం లభించింది. 1965 మే 21న తన 82వ ఏట ఆయన కన్నుమూశాడు. కామెట్ రూపం నుండి పుట్టిన నిమ్రాడ్ అనే నిఘా విమానం 2011 వరకు బ్రిటిష్ వైమానిక దళానికి సేవలందించింది. ఒకనాడు అపనమ్మకానికి గురైన ఆకృతి దిద్దుబాటు తరువాత యాభై ఏళ్ళకు పైగా నింగిలో నిలిచింది.

ఆయన చితాభస్మాన్ని సెవెన్ బారోస్ మైదానంలో చల్లారు. భార్య కుట్టిన రెక్కలతో, మాతామహుని పెట్టుబడితో ఆయన తొలి విమానం ఎగిరినదీ, విరిగినదీ ఆ నేల మీదనే. విరిగిన ముక్కలను ఏరి, తప్పు వెదికి, మరల కట్టడం ఆయన నేర్చుకున్నదీ ఆ నేల మీదనే.